దువ్వెనల బోర్డు

"చొక్కాలు ఆరలేదని మీ నాన్నకి చెప్పు."

అమ్మ ఆ మాట వంటింట్లోంచి అంది. నాన్న అక్కడికి నాలుగడుగుల దూరంలో, ముందు గదిలో, బనీనుతో నుంచుని ఉన్నాడు. ఇద్దరి మధ్యా బ్రెడ్డు ముక్క నముల్తూ కూతురు పిట్ట.

పిట్ట ఏమీ చెప్పలేదు. చెప్పక్కర్లేదు కూడా. మూడు రోజులుగా ఆ ఇంట్లో మాటలన్నీ ఆమె మీదుగానే వెళ్తున్నాయి, వంతెన మీదుగా బండ్లు వెళ్ళినట్టు. వంతెనకి అభిప్రాయాలుండవు.

నాన్న స్నానాల గదిలోకి తొంగి చూశాడు. బకెట్లో మూడు యూనిఫాం చొక్కాలూ సబ్బునీళ్ళలో మునిగి ఉన్నాయి. రాత్రి తనే ఇస్త్రీ చేసి తలుపు వెనక తగిలించుకున్న చొక్కా అన్నిటికన్నా పైన తేలుతోంది.

"ఇస్త్రీ చొక్కా కూడా ఎందుకు నానబెట్టిందో అడుగు," అన్నాడు.

"మరకుందని చెప్పు."

"ఎక్కడుందో అడుగు."

"ఉందిలే. ఆయనకి కనపడదని చెప్పు."



సంగతి బయటపడింది సోమవారం నాడు. నాన్న టీ వంపుకుంటూ గ్లాసు పక్కన బల్లమీద పోసుకున్నాడు. టీ బల్ల అంచుదాకా పాకి కాలి మీద పడేవరకు ఆయనకి తెలియలేదు. అమ్మ చూసింది. చేతిలో బట్ట కత్తిరిస్తున్న కత్తెరతో అలాగే లేచి వచ్చి, ఆయన ఎడమ చెంపకి జానెడు దూరంలో దాన్ని రెండుసార్లు ఆడించింది. నాన్న రెప్ప వెయ్యలేదు.

ఇరవై ఏళ్ళుగా స్కూలు పిల్లల యూనిఫాంలు కుట్టి, సూదిమొన మీద చూపు నిలిపి బతికిన మనిషి అమ్మ. ఆమెకి ఇంకెవరూ ఏమీ విప్పి చెప్పనక్కర్లేకపోయింది. ఇరవై ఏడేళ్ళుగా బస్సు నడుపుతున్న తన మొగుడికి ఎడమ కంటి చూపు లేదు.

అప్పట్నుంచీ అమ్మది ఒకటే మాట. డిపోకి వెళ్ళి నిజం చెప్పాలి. ఏడాదికోసారి జరిగే కంటి పరీక్ష శుక్రవారం పది గంటలకి. ఇవాళ గురువారం.

నాన్నదీ ఒకటే మాట. చెబితే స్టీరింగు తీసేసుకుంటారు. తీసుకుని ఇంటికి పంపినా బాగుండును, పంపరు. షెడ్డులో బస్సులు కడిగేవాళ్ళకి బకెట్లు అందించే పని ఇస్తారు. మూడేళ్ళ కిందట ఒక పెద్ద డ్రైవర్ని అలాగే కూర్చోబెట్టారు. ఘాట్ రోడ్డు మీద ఎక్కినవాళ్ళ వెన్నెముక కదలకుండా బస్సు నడిపిన మనిషి. ఇప్పుడాయన పేరు ఎవరికీ గుర్తు లేదు. నిన్నగాక మొన్న చేరినవాళ్ళు కూడా బకెట్ల బాబాయ్ అంటారు. ఆయన ఎదురొస్తే నాన్న చెప్పుల్లో రాయి పడ్డట్టు వంగి పక్కకి తప్పుకుంటాడు.

నాన్న బకెట్లోంచి ఒక చొక్కా తీశాడు. కుళాయి కింద జాడించి, మెలిపెట్టి పిండి, రెండుసార్లు దులిపాడు. తర్వాత దాన్నే తొడుక్కుని బొత్తాలు పెట్టుకున్నాడు, కింది నుంచి పైకి, ఒక్కొక్కటీ. నీళ్ళు నేలమీద చుక్కలు చుక్కలుగా పడుతున్నాయి.

అమ్మ గుమ్మంలోకి వచ్చి ఆ నీళ్ళకేసి చూసింది. గుడ్డ తెచ్చి తుడిచింది. తుడుస్తూనే, "బస్సులో యాభై మంది ఉంటారని మీ నాన్నకి చెప్పు," అంది.

"ఇరవై ఏడేళ్ళలో కోడిపిల్లని కూడా తొక్కలేదని మీ అమ్మకి చెప్పు."

పిట్ట గడియారం చూసుకుంది. ఆమె ఎక్కే బస్సు అప్పటికే పోయింది. నాన్న కూడా గడియారం చూశాడు, తల మొత్తం తిప్పి. ఈమధ్య ఆయన ఏది చూసినా తల మొత్తం తిప్పే చూస్తున్నాడు.

"ఎక్కవే పిట్టా, స్కూటరు మీద దింపేసి పోతాను," అన్నాడు.

అమ్మ తుడవడం ఆపి కూతురి వైపు చూసింది. వద్దంటుందేమోనని పిట్ట ఒక క్షణం ఆగింది. అమ్మ అనలేదు. ఆ చూపులో ఉన్నది కోపమైతే పిట్టకి కాస్త తెరిపిగా ఉండేది.

*

స్కూటరు వీధి మలుపు తిరగ్గానే నాన్న మొదలుపెట్టాడు.

"మూడో వరస. కుడి, కింద, ఎడమ, ఎడమ, పైన. సరేనా?"

"సరే."

"నాలుగు. పైన, కుడి, కుడి, కింద, ఎడమ, కింద."

డిపో ఆసుపత్రి గదిలో ఉన్న కంటి బోర్డు మీద అక్షరాలుండవు. మూడు పళ్ళ గుర్తులుంటాయి, పెద్దవాటి నుంచి చిన్నవాటి దాకా. పళ్ళు ఎటువైపు తిరిగున్నాయో చెప్పాలి. డ్రైవర్లు దాన్ని దువ్వెనల బోర్డు అంటారు. పందొమ్మిదేళ్ళుగా ఆ గోడ మీద అదే బోర్డు. రిటైరయ్యేవాళ్ళు తాళంచెవులు అప్పజెప్పినట్టు ఆ వరసల్ని వెనకవాళ్ళకి అప్పజెప్పి పోతారు. చూపు బాగున్నవాళ్ళు కూడా నేర్చుకుంటారు, ఎందుకైనా మంచిదని. నేర్చుకోనివాడు బకెట్ల బాబాయ్ ఒక్కడే. నాకు కనపడుతుండగా నాకెందుకయ్యా అన్నాడట.

ఇందులో ఒక చిక్కు ఉంది. ఆ డాక్టరుది ఎడమచేతి వాటం. పరీక్ష ఎప్పుడూ ఎడమ కన్నుతోనే మొదలెడతాడు. కుడి కన్ను మూసుకుని ఎడమ కంటితో చదవాలి. కాబట్టి వరసలు ముందే నోటికి వచ్చి ఉండాలి.

నాలుగు నెలల కిందట నాన్న ఆ వరసలు పిట్ట చేత నోటుబుక్కులో రాయించుకున్నాడు. అప్పట్నుంచీ సాయంత్రాలు మేడమెట్ల మీద కూర్చుని ఒప్పజెబుతున్నాడు. చిన్నప్పుడు పిట్ట చేత ఎక్కాలు ఒప్పజెప్పించుకున్నదీ ఆ మెట్ల మీదే. పదమూడో ఎక్కం తప్పితే ఆయన తిట్టేవాడు కాదు, మళ్ళీ మొదట్నుంచి అనేవాడు. ఇప్పుడు ఆ మాట పిట్ట అంటోంది. అమ్మకి కన్ను సంగతి తెలిసింది గానీ ఈ నోటుబుక్కు సంగతి తెలియదు.

"ఐదు," అన్నాడు నాన్న.

నాలుగు రోడ్లూ కలిసేచోట, ఎడమ పక్క నుంచి ఒక చెయ్యి లేచింది. తెల్ల చేతొడుగు. చాపిన అరచెయ్యి. ట్రాఫిక్ కానిస్టేబుల్ రోడ్డు దాటేవాళ్ళకి దారి ఇస్తున్నాడు. రెండు సంచులు మోసుకుంటూ ఒకావిడ అప్పుడే కాలిబాట దిగుతోంది.

పిట్ట చూసింది. నాన్నా అనడానికి వ్యవధి ఉంది. అనలేదు. భయపడి కాదు. భయం ఉంటే అరిచి ఉండేది. ఆమెకి లోపలంతా తిమ్మిరెక్కిన కాలులా ఉంది కొన్నాళ్ళుగా. ఆ తిమ్మిరిలో ఒకటే అనిపించింది: చూస్తాడో లేదో చూద్దాం.

నాన్న చూడలేదు.

స్కూటరు ఆ చేతి వేళ్ళని రాసుకుంటూ పోయింది. సంచుల ఆవిడ వెనక్కి తూలి, మళ్ళీ నిలదొక్కుకుంది. ఈల మోగింది. నాన్న పక్కకి తీసి ఆపాడు, ఎందుకు ఆపమన్నారో తెలియని మనిషిలా.

కానిస్టేబుల్ నెమ్మదిగా నడిచి వచ్చాడు. ముప్ఫై ఏళ్ళుంటాయి. లైసెన్సు అడిగి తీసుకున్నాడు. పెద్ద బండ్ల లైసెన్సు చూసి, నీలం చొక్కా చూసి, జేబు మీది డిపో బిళ్ళ చూశాడు. చొక్కా అంచు నుంచి నీళ్ళు కారడం కూడా చూశాడు.

"వాన ఎక్కడ పడిందండీ?"

"ఇంట్లో," అన్నాడు నాన్న.

కానిస్టేబుల్ నవ్వాపుకోలేకపోయాడు. పెళ్ళయినవాడే. తనకి కూడా అప్పుడప్పుడూ వడగళ్ళ వాన పడుతుంటుందని చెప్పాడు. అంతలోనే ముఖం మామూలుగా పెట్టేశాడు.

"నేను చెయ్యి చాపి నుంచున్నాను పెద్దాయనా. మాట వరసకి కాదు, నా వేళ్ళకి మీ మోచెయ్యి తగిలింది. మీకు కనపడలేదా?"

నాన్న తడి కాలరు సర్దుకున్నాడు. కానిస్టేబుల్ చూపు వెనక కూర్చున్న పిట్ట మీదికి మళ్ళింది. ఒకే ఒక్క మాట చెబితే చాలు, అంతా అక్కడే తేలిపోతుంది. ఇంట్లో తేలక్కర్లేదు, డిపోలో తేలక్కర్లేదు, ముక్కూముఖం తెలియని మనిషి ముందు రోడ్డు మీద తేలిపోతుంది.

"నేనే ఆయన్ని మాటల్లో పెట్టానండీ," అంది పిట్ట. "నాది తప్పు."

కానిస్టేబుల్ ఆమెనీ, ఆయన్నీ మార్చి మార్చి చూశాడు. తర్వాత లైసెన్సు రెండు చేతులతో తిరిగి ఇచ్చాడు. ఇరవై ఏడేళ్ళ లైసెన్సు మీద ఒక్క మరక లేదు, తన చేత్తో పెట్టడం ఇష్టం లేదన్నాడు. వాళ్ళమ్మ రోజూ బస్సులోనే తిరుగుతుందట, డ్రైవర్లంటే ఆవిడకి దేవుళ్ళ తర్వాత దేవుళ్ళట. నాన్న తలూపుతూ విన్నాడు. వెళ్ళేటప్పుడు కానిస్టేబుల్ సెల్యూట్ కొట్టాడు. ఎడమ పక్క నుంచి కొట్టాడు కాబట్టి నాన్న తిరిగి కొట్టలేదు.

ఆఫీసు గేటు దగ్గర ఆపాడు. పిట్ట దిగాక నాన్న హ్యాండిల్ మీద చేతులు అలాగే ఉంచి అన్నాడు.

"చూశానే నేను. ఆగేవాణ్ణే. చెయ్యి అంత దగ్గరుందనుకోలేదు."

"ఊఁ."

"మీ అమ్మతో అనకు."

"ఊఁ."

తడి చొక్కాని ఆనుకుని కూర్చోవడంతో పిట్ట బట్టలు ముందంతా తడిసి ఉన్నాయి. నాన్న స్కూటరు తిప్పుకుని వెళ్ళిపోయాడు. ఇవాళ డ్యూటీ ఆలస్యంగా మొదలు, ఇంకో గంటలో ఆయన బస్సు ఎక్కాలి.

*

పిట్ట పనిచేసేది ఆసుపత్రులకి సామాను సరఫరా చేసే కంపెనీలో. ఎవరికి ఏం కావాలో ఉత్తరాలు వస్తాయి, వాటిని చూసి గోడౌనుకి ఆర్డరు కొట్టడం ఆమె పని. ఆ రోజు పదకొండు నిమిషాలు ఆలస్యం. గుర్తింపు కార్డు ఇంట్లో మర్చిపోయింది. కాపలా ఆయన రెండేళ్ళుగా రోజూ ఆమెని చూస్తున్నవాడే, అయినా నియమం నియమమేనని 'సందర్శకులు' అని రాసున్న బిళ్ళ మెడలో వేసి పంపాడు. లిఫ్టులో ఎవరో, చేపలు పట్టడానికెళ్ళావా అని అడిగారు. పిట్ట అవునంది.

సీట్లో కూర్చోకముందే మేనేజరు పిలిచాడు. ఏ కాగితం చదివినా ప్రతి లైను కిందా స్కేలు పెట్టుకుని చదువుతాడు కాబట్టి అందరూ ఆయన్ని రూళ్ళకర్ర అంటారు. స్కేలు అప్పటికే ఒక లైను కింద పెట్టి ఉంది.

"ఇది నువ్వు కొట్టిందేనా?"

పోయిన వారం కొట్టిన ఆర్డరు. బస్సు డిపో ఆసుపత్రికి. వాళ్ళు అడిగింది మనుషుల ఎత్తు కొలిచే స్టాండు. వెళ్ళింది కంటి పరీక్ష బోర్డు.

పిట్ట ఆ లైను రెండుసార్లు చదివింది. ఎలా జరిగిందో ఆమెకి వెంటనే తెలిసిపోయింది. ముందురోజు సాయంత్రమంతా మెట్ల మీద దువ్వెనలే. కుడి, కింద, ఎడమ, ఎడమ. డిపో ఆసుపత్రి అన్న పేరు తెర మీద కనపడగానే, మనసు స్టాండు అనుకున్నా వేళ్ళు బోర్డు అని కొట్టేశాయి.

తిడతాడనుకుంది. ఆయన తిట్టకుండా డాక్టరు రాసిన ఉత్తరం చేతికిచ్చాడు. పొరపాటున వచ్చిన బోర్డుని తామే ఉంచేసుకుంటున్నామని రాశాడు డాక్టరు. పాతది పచ్చబడిపోయిందట. పైగా, మా డ్రైవర్లకి ఆ బోర్డు చూడకుండానే కనపడుతోందని నాకు చాన్నాళ్ళుగా అనుమానం, అని కింద ఒక వాక్యం. కొత్తదాన్ని శనివారమే గోడకి తగిలించేశాడు. డ్రైవర్లు ఇంకా పాతదే ఉందనుకుంటున్నారని కూడా రాశాడు. కొత్తది వచ్చిందని డిపోలో ఇంకా ఎవరికీ తెలియదు, ఎందుకంటే శనివారం తర్వాత అక్కడ ఎవరి కళ్ళూ పరీక్షించలేదు.

"వెనక్కి తెప్పించేద్దామా అండీ?" అంది పిట్ట. తన గొంతు తనకే మామూలుగా వినపడింది.

"ఎందుకు? వాళ్ళకి నచ్చింది. జన్మకో తప్పు కలిసొస్తుంది, కలిసొచ్చినప్పుడు కదపకూడదు." రూళ్ళకర్ర స్కేలు తీసి జేబులో పెట్టుకున్నాడు. "రేపు స్టాండు పంపిస్తున్నాం. వ్యానుతో పాటు నువ్వు కూడా వెళ్ళి, రెండూ సరిగ్గా అందాయని ఆ డాక్టరు చేత సంతకం పెట్టించుకురా. తప్పు చేసిన చెయ్యే సంతకం తేవాలి. ఇక్కడ పద్ధతి అది."

ఎన్నింటికి అని అడిగింది. పది గంటలకి అన్నాడు.

సీట్లోకి వచ్చి కొత్త బోర్డు బొమ్మ తెర మీద తెరిచింది. మూడో వరస: పైన, ఎడమ, కుడి, కింద, కుడి. నాలుగు వేరు. ఐదు వేరు. కాగితం మీద రాసుకోలేదు. నాలుగు నెలలుగా దువ్వెనలతో ఆడుకున్న బుర్రకి రెండుసార్లు చూస్తే చాలింది. పక్క సీటు ఆవిడ, ఏమిటి అంత శ్రద్ధగా చూస్తున్నావంది. సామానే అంది పిట్ట.

ఈ వరసలు సాయంత్రం చెబితే నాన్న రాత్రికల్లా నేర్చుకుంటాడు. చెప్పకపోతే రేపు పది గంటలకి అయిపోతాడు. రెండూ ఆమె చేతిలోనే ఉన్నాయి. ఆ సంగతి ఆలోచించడానికి ప్రయత్నించింది. ఏమీ రాలేదు. సాయంత్రం దాకా ఇంకో ముప్ఫై ఆర్డర్లు కొట్టింది, ఒక్కటీ తప్పు పోకుండా.

*

"ఐదు. ఎడమ, పైన, పైన, కుడి, కింద, ఎడమ, కుడి." నాన్న ఊపిరి తీసుకున్నాడు. "పోయిందా ఏదన్నా?"

మేడమెట్ల మీద ఇంకా వెలుతురుంది. లోపల అమ్మ మిషను నడుస్తోంది. నాన్న చొక్కా ఒంటిమీదే ఆరి, అట్టలా బిరుసెక్కింది.

"ఆరో వరసలో కాస్త ఆగి చెప్పు నాన్నా," అంది పిట్ట. "మరీ గడగడా చెప్పేస్తే చూసి చదివినట్టుండదు."

"ఔనౌను." ఆగి చెప్పాడు. కళ్ళు చికిలించి కూడా చూపించాడు. తర్వాత తనలో తనే నవ్వుకున్నాడు. ఇవాళ షెడ్డులో బకెట్ల బాబాయ్ ఎదురుపడ్డాడట, ఈసారి తప్పుకునే వీలు లేకపోయిందట. తడి చొక్కా చూసి, బస్సుకి బదులు నువ్వే కడిగించుకుంటున్నావేమిటిరా అన్నాడట.

"నవ్వాడే పిట్టా. ఆయన నవ్వుతాడని కూడా నాకు తెలీదు. కింద బకెట్లు వరసగా పెట్టుకున్నాడు, చిన్నవి ముందు, పెద్దవి వెనక. వాటిలో ఒకటి పక్కకి జరిగితే మాట మధ్యలో ఆపి సరిచేసుకున్నాడు." నాన్న అరచేతులు మోకాళ్ళ మీద పెట్టి చూసుకున్నాడు. "నేను అలా అయిపోతే నన్ను చూడ్డానికి రాకు."

కొత్త వరసలు పిట్ట నాలుక చివరే ఉన్నాయి. పైన, ఎడమ, కుడి. నోరు తెరిస్తే వాటంతటవే బయటికొస్తాయి.

"మొత్తం మీద ఒక్కటీ పోలేదుగా?" అన్నాడాయన.

"ఒక్కటీ పోలేదు."

లోపల మిషను ఆగిపోయి చాలాసేపయిందని అప్పుడు తెలిసింది పిట్టకి.

నాన్న స్నానానికి వెళ్ళాక అమ్మ మెట్ల తలుపు దగ్గరికి వచ్చింది. చేతిలో సగం కుట్టిన స్కూలు చొక్కా ఉంది. ఎవరికీ చెప్పమనకుండా, సూటిగా పిట్టతోనే మాట్లాడింది. మూడు రోజుల్లో అది మొదటిసారి.

"నీకెప్పట్నుంచి తెలుసు?"

"నాలుగు నెలలు."

అమ్మ ఆ నాలుగు నెలలనీ లోపల ఎక్కడో పరిచి చూసుకుంది. "అందుకేనా పక్క వీధి బస్సు పట్టుకుంటున్నావు? ఇదివరకు మీ నాన్న బస్సులోనే వెళ్ళేదానివి."

 ఎప్పుడు మారింది, ఎందుకు మారింది, పిట్ట ఎప్పుడూ తనకి తను చెప్పుకోలేదు. ఒకరోజు పక్క వీధిలోకి నడిచింది. అంతే.

"ఈ నాలుగు నెలల్లో ఒక్కసారన్నా ఎక్కావా ఆయన బస్సు?"

"లేదు."

"ఎక్కకూడదని తెలిసింది నీ ఒక్కదానికే అన్నమాట," అంది అమ్మ.

చొక్కాకి వేలాడుతున్న దారం పళ్ళతో కొరికి తెంపి, లోపలికి వెళ్ళిపోయింది. మిషను మళ్ళీ మొదలైంది.

*

శుక్రవారం పొద్దున తలుపు వెనక ఇస్త్రీ చేసిన నీలం చొక్కా తగిలించి ఉంది. అమ్మే చేసింది. ఎందుకు చేసిందో నాన్న అడగమనలేదు. అమ్మ చెప్పమనలేదు. పిట్ట కార్డు మర్చిపోకుండా మెడలో వేసుకుని వెళ్ళింది. ఎక్కడికి వెళ్ళబోతోందో ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

డిపో ఆసుపత్రి గది పొడుగ్గా, ఇరుగ్గా, రైలు పెట్టెలా ఉంది. ఆ చివర గోడ మీద తెల్లగా కొత్త బోర్డు. ఈ చివర ఒక స్టూలు. తలుపు పక్కన మందుల బీరువా. డాక్టరు లావుపాటి, నెమ్మదైన మనిషి. స్టాండు చూసి సంతోషించాడు. దాని మీద తనే ఎక్కి ఎత్తు చూసుకుని, అర అంగుళం తగ్గానన్నాడు. సంతకం చెయ్యబోతుంటే తలుపు చప్పుడైంది.

"ఒక్క నిమిషం నుంచోమ్మా," అని పిట్టని బీరువా వైపు జరగమన్నాడు.

నాన్న లోపలికి వచ్చాడు. బీరువా ఆయనకి ఎడమ పక్క. తల తిప్పలేదు. పాతికసార్లకి పైగా వచ్చిన గది కాబట్టి నేరుగా వెళ్ళి స్టూలు మీద కూర్చున్నాడు. బోర్డు వైపు కూడా సరిగ్గా చూడలేదు. నోటికొచ్చిన పాఠం పుస్తకంలో ఎవరు చూస్తారు?

పిట్టకీ ఆయనకీ మధ్య రెండు గజాలు. ఆమె ఊపిరి బిగబట్టలేదు, దగ్గలేదు. మామూలుగానే నుంచుంది.

డాక్టరు కుశలం అడిగాడు. ఇంట్లో అంతా బాగున్నారని నాన్న చెప్పాడు. కుడి కన్ను మూసుకోమన్నాడు డాక్టరు. నాన్న అరచెయ్యి కుడి కంటి మీద కప్పుకున్నాడు. డాక్టరు ఎడమ చేత్తో పొడుగాటి పుల్ల పట్టుకుని బోర్డు దగ్గరికి నడిచాడు.

"మూడో వరస."

"కుడి." ఆగాడు. "కింద. ఎడమ, ఎడమ..." మెడ కాస్త ముందుకు చాపాడు. "పైన."

ఎంత బాగా చెప్పాడంటే, ఆ ఆగడాలు నేర్పిన పిట్టకే ఒక క్షణం చూసి చదువుతున్నాడేమో అనిపించింది.

డాక్టరు పుల్ల కదలలేదు. "నాలుగు," అన్నాడు, ఇందాకటికన్నా మెల్లగా.

"పైన, కుడి, కుడి, కింద, ఎడమ, కింద."

డాక్టరు పుల్ల దించేశాడు. బల్ల దగ్గరికి వచ్చి నాన్న ఫైలు తెరిచాడు. పేజీలు వెనక్కి వెనక్కి తిప్పాడు. ఇరవై ఏడేళ్ళ పేజీలు. ఆయన ముఖంలో పట్టుకున్నానన్న సంబరం లేదు. పట్టుకోకుండా ఉంటే బాగుండేదన్న అలసట ఉంది. చాలాసేపు ఆ ఫైలు చూసి, తల ఎత్తి, బీరువా వైపు తిరిగాడు.

"అమ్మాయ్. ఈ బోర్డు మీ కంపెనీ పొరపాటున పంపిందే కదా? అచ్చులో కూడా ఏదైనా పొరపాటుందేమో. ఉంటే చెప్పు, పట్టుకెళ్ళిపో. పాతది లోపలే ఉంది, దాంతో చూసేస్తాను. నేనింకా ఏమీ రాయలేదు."

నాన్న భుజాలు బిగుసుకున్నాయి. గదిలో మూడో మనిషి ఉన్నట్టు ఆయనకి అప్పుడే తెలిసింది. బోర్డు మారినట్టు కూడా అప్పుడే తెలిసింది. అయినా చెయ్యి కుడి కంటి మీంచి తియ్యలేదు.

డాక్టరు ఎదురు చూస్తున్నాడు. మంచివాడు. తలుపు తెరిచి పట్టుకుని నుంచున్నాడు, దాటి వెళ్ళిపొమ్మని. నిన్న కానిస్టేబులూ అలాగే తెరిచాడు. ఆ తలుపులోంచి నిన్న నాన్నని పిట్టే దాటించింది. దాటించాక ఆయన తిన్నగా వెళ్ళి బస్సు ఎక్కాడు.

షెడ్డులోంచి బకెట్లు నేలకి తగిలిన చప్పుడు వస్తోంది.

"బోర్డు సరిగ్గానే ఉందండీ," అంది పిట్ట.

నాన్న తల మెల్లగా ఆ గొంతు వచ్చిన వైపు తిరిగింది. తెరిచి ఉన్నది ఎడమ కన్ను ఒక్కటే. అది ఆమె మీద ఆగలేదు. ఆమెకి జానెడు పక్కన, బీరువా అద్దం మీద ఆగింది. అక్కడ ఎవరో ఉన్నట్టే చూస్తోంది.

డాక్టరు ఇద్దరినీ చూశాడు. మెడలో కార్డు వేసుకున్న అమ్మాయి ముఖం, స్టూలు మీద మనిషి ముఖం. ఏదో తట్టినట్టుంది.

"ఈ అమ్మాయి మీకు తెలుసా?" అని అడిగాడు నాన్నని.

నాన్న చెయ్యి తీస్తే చాలు, కుడి కన్ను బాగానే కనపడుతుంది. తియ్యలేదు.

"కనపడితే కదండీ చెప్పడానికి," అన్నాడు.

డాక్టరు పెన్ను కాగితానికి అంగుళం పైన ఆగిపోయింది.